ఏడో పరుగు

ఆ కాగితం మీద ఉన్న సంతకం తన కొడుకుది కాదని వెర్నీటాకు ఒక్క చూపులోనే తెలిసిపోయింది.

ఆంబ్రోస్‌ది ఎడమచేతి వాటం. వాడి అక్షరాలు గాలివానకు ఒరిగిన మొక్కజొన్న చేనులా వెనక్కి వాలి ఉంటాయి. బళ్ళో పంతులమ్మలు ఎంత మొత్తుకున్నా ఆ వాలు పోలేదు. ఈ కాగితం మీద పేరు నిటారుగా నిలబడి ఉంది. ఎవరో అక్షరానికీ అక్షరానికీ మధ్య ఊపిరి బిగబట్టి, పలక మీద దిద్దినట్టు దిద్దారు.

ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. 'సికిల్ సెల్ పరీక్ష నాకు అవసరం లేదు. చేయించుకోనందువల్ల ఏం జరిగినా బాధ్యత నాదే.' కింద ఆంబ్రోస్ టాల్బర్ట్. తేదీ ఆగస్టు పంతొమ్మిది.

నిన్న టై కట్టుకుని ఆసుపత్రికి వచ్చిన కాలేజీ మనిషి ఈ కాగితం గురించే చెప్పాడు. మీ అబ్బాయి తనంతట తనే వద్దని రాసిచ్చాడు, ఇక కాలేజీ చేతుల్లో ఏముంది అని చల్లగా సెలవిచ్చి వెళ్ళాడు. అందుకే ఆమె పొద్దున్నే మంచులో నడిచి వచ్చి ట్రైనర్ గది తలుపు తట్టింది.

ట్రైనర్ ప్రూయిట్‌కి ఇరవై ఆరేళ్ళుంటాయేమో. ఆటగాళ్ళ చీలమండలకు కట్లు కట్టడం, ఒంట్లో బాగోలేనివాణ్ణి ఆటలోంచి ఆపడం ఆమె పని. శనివారం అంబులెన్సు వచ్చేదాకా ఆంబ్రోస్ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది ఈ పిల్లే. ఈ నాలుగు రోజుల్లో కంటినిండా నిద్రపోయినట్టు లేదు.

“ఇది మావాడి సంతకం కాదు” అంది వెర్నీటా.

ప్రూయిట్ కాగితాన్ని తనవైపు తిప్పుకుంది. చాలాసేపు చూసింది. అన్ని కాగితాలూ ఒకే కట్టగా వచ్చాయనీ, కట్టను అలాగే ఫైల్లో పెట్టేశాననీ, ఒక్కొక్క సంతకం పోల్చి చూడలేదనీ ఒప్పుకుంది. 

“ఒక్కటి చెప్పు తల్లీ. పరీక్ష చేయించుకుని, అది ఉందని తేలితే, మావాణ్ణి ఆడనిచ్చేవాళ్ళు కాదా?”

“ఎందుకాడనివ్వం మేడమ్? మన టీములోనే ఇద్దరికి ఉంది. అది జబ్బు కాదు, రక్తంలో జాడ అంతే. వాళ్ళ పేర్ల పక్కన నీలం చుక్క పెట్టుకుంటాను. పరుగుకీ పరుగుకీ మధ్య ఎక్కువసేపు ఆగనిస్తాం. అడిగినప్పుడల్లా నీళ్ళు. తొడలు బిగుస్తున్నాయన్నారంటే అక్కడితో ఆపేసి కూర్చోబెడతాం.”

“అంతేనా?”

“అంతే. ఆ ఇద్దరూ రోజూ ఆడుతున్నారు.”

వెర్నీటా కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంది. అసలు కాగితం బయటకు పోకూడదని ప్రూయిట్ అనబోయి, ఆమె మొహం చూసి ఊరుకుంది.

కట్ట తెచ్చి ఇచ్చిందెవరని వెర్నీటా తలుపు దగ్గర ఆగి అడిగింది.

“అసిస్టెంట్ కోచ్ తెచ్చారు. వార్డెల్ సార్.”

వార్డెల్ టిబ్స్. తన భర్త ప్రాణస్నేహితుడు. ఆంబ్రోస్ బాప్తిస్మం నాడు వాణ్ణి ఎత్తుకున్న చేతులు అవి.

*

బాస్కెట్‌బాల్ ఆట హాలు ఖాళీగా ఉంది. వారం రోజులు ప్రాక్టీసు లేదని తలుపు మీద కాగితం అంటించారు. లోపల హెడ్ కోచ్ డెంకర్ ఒక్కడే, ఇంత వెడల్పు తుడుపుకర్ర పట్టుకుని నేల తుడుస్తున్నాడు. ఆ నేల అద్దంలా మెరుస్తోంది. అయినా తుడుస్తూనే ఉన్నాడు.

డెంకర్ ఆటంతా పరుగే. ఊరంతటికీ తెలుసు. అవతలివాళ్ళు వేసిన బంతి బుట్ట తప్పిందా, దాన్ని అందుకున్నవాడు నేల మీద కాలు ఆనకముందే ముందుకు విసరాలి. ఎదుటివాళ్ళు వెనక్కి తిరిగేలోపు అయిదుగురూ అవతలి బుట్ట మీద పడిపోవాలి. ఈ ఫాస్ట్ బ్రేక్ అందరూ ఆడతారు. కానీ మిగతా కోచ్‌లు పొడుగువాళ్ళను బుట్ట కింద స్తంభాల్లా నిలబెట్టి, పొట్టివాళ్ళను పరిగెత్తిస్తారు. డెంకర్ పొడుగువాళ్ళనే ముందు తరుముతాడు. మన స్తంభం పరిగెత్తితే దాన్ని కాసే స్తంభం కూడా పరిగెత్తాలి, వాడు ముందు పడిపోతాడు అన్నది ఆయన లెక్క. అందుకని బుట్ట కింద ఆడే సెంటర్ ఒక్కడితో ఆయనకు గడవదు. ఒకణ్ణి అలిసేదాకా పిండి, బెంచీ మీదకు లాగి, ఇంకొకణ్ణి దింపుతాడు.

ఆ ఇంకొకడే ఆంబ్రోస్. ఆరడుగుల పది అంగుళాలు. మొదటి సంవత్సరం. అసలు సెంటర్ టైరస్ మోకాలు కిందటి వారం విరిగేదాకా వాడి వాటాకు వచ్చినవి ఆటకు మూడు నిమిషాలు. మూడు వారాల్లో టోర్నమెంటు. టైరస్ నిమిషాలన్నీ వాడి నెత్తిన పడ్డాయి.

శనివారం గీత పరుగులు పెట్టించాడు డెంకర్. ఈ గీత నుంచి ఆ గీతకు, ఆ గీత నుంచి ఈ గీతకు, గడియారం పెట్టి పది సార్లు. పొడుగువాడు ఒక్కడు ఆలస్యమైతే అందరూ మళ్ళీ పరిగెత్తాలి. అలిసి మోకాళ్ళ మీద చేతులు వేసినవాడు బెంచీకి పోవాలి. ఆరు పరుగులు అయ్యాయి. ఏడోది అవలేదు.

“ఇది ఎవరు పెట్టారు?” అని వెర్నీటా కాగితం చూపించింది.

డెంకర్ కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని, చేయి చాచి దూరంగా పట్టుకుని చదివాడు. తను ఈ కాగితాలు చూడనన్నాడు. ఎవరికి ఏముందో ట్రైనర్ చెబితే తెలుస్తుంది, చెప్పకపోతే లేనట్టే అనుకుంటానన్నాడు. శరత్కాలంలో మిగతావాళ్ళంతా గీత పరుగులు చేస్తుంటే ఆంబ్రోస్ చీలమండ బెణికి కూర్చున్నాడనీ, శనివారమే వాడికి మొదటిసారనీ, ఆ సంగతి తనకు గుర్తుండాల్సిందనీ తనంతట తనే చెప్పాడు.

“పడిపోయాక ఏమన్నారు వాణ్ణి?”

“లేవమన్నాను.”

“ఎన్నిసార్లు?”

“రెండుసార్లు.” తుడుపుకర్రను గోడకు ఆనించాడు. “అది నాది మిసెస్ టాల్బర్ట్. రేపు ఎవరడిగినా అదే చెబుతాను. ఇంకొకళ్ళ మీదకు తొయ్యను. ఈ సంతకం మాత్రం నాది కాదు.”

“మీరు లేవమన్నప్పుడు వాడు మీ మొహంలోకి చూశాడా?”

“చూశాడు.”

“అదృష్టవంతులు. నాలుగు రోజులైంది, నా మొహంలోకి చూడ్డం లేదు.”

ఆయన మళ్ళీ తుడుపుకర్ర అందుకున్నాడు. ఆమె బయటకు వచ్చేసినా లోపల అది నేల మీద ఈడుస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

*

ఆసుపత్రి మంచం వాడికి చాలలేదు. పాదాల కింద కుర్చీ వేసి దిండు పెట్టారు. పక్కన డయాలసిస్ యంత్రం తన పని తాను చేసుకుపోతోంది. అంతెత్తు మనిషి, నాలుగు రోజుల్లో దుప్పటి కింద పరిచిన కర్రల కట్టలా అయిపోయాడు.

డాక్టర్ స్వెన్సన్ ఆమెను వరండాలోకి పిలిచి నిలబెట్టే మాట్లాడింది. ఆవిడకు మాట చుట్టి చెప్పడం రాదు. వాడి రక్తంలో సికిల్ సెల్ జాడ ఉంది, పరుగులో రక్తకణాలు కొడవళ్ళలా వంగి నాళాలు మూసేశాయి, తొడ కండరాలు చచ్చి కరిగి రక్తంలో కలిశాయి, ఆ మురికి వడకట్టలేక కిడ్నీలు ఆగిపోయాయి. రేపు, ఎల్లుండి. ఈ రెండు రోజుల్లో అవి మళ్ళీ కదిలితే సరే. కదలకపోతే గుండె మీదకు వస్తుంది. అప్పుడు ఏ మాటా ఇవ్వలేను అంది.

“ఇంకొకటి. మీ రక్తం చూశాం. మీలో ఆ జాడ లేదు.”

“అంటే?”

“తండ్రి నుంచి వచ్చి ఉండాలి. ఆయన్ని రెండుసార్లు రమ్మన్నాను, రక్తం ఇవ్వడానికి. రాలేదు. మీ అబ్బాయితో పాటు మీ ఇంట్లో ఇంకెవరికుందో తెలుసుకోవడం మంచిది.”

 రోలండ్‌తో ఇరవై రెండేళ్ళ కాపురం. చలికాలం దగ్గు తప్ప ఆ మనిషికి జబ్బంటూ చేసి ఎరగదు. తనలో ఉన్నది తనకే తెలియదేమో, పాపం, అనుకుంది వెర్నీటా. శనివారం హాలు గ్యాలరీలో కూర్చుని కొడుకు పడిపోవడం కళ్ళారా చూసింది ఆయనే. ఫోన్ చేసి ‘వెర్నీ, రా’ అని రెండు మాటలన్నాడు. అప్పట్నుంచి అంతకు మించి మాట్లాడలేదు.

లోపలికి వెళ్ళి కాగితం కొడుకు కళ్ళ ముందు పెట్టింది.

ఆంబ్రోస్ దాన్ని చదవలేదు. చదవక్కర్లేనట్టు చూసి, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

“ఎవరు పెట్టార్రా ఇది?”

“నేనే.”

“నువ్వు కాదు.”

“వదిలెయ్యమ్మా.”

“వార్డెల్ మామయ్యా?”

 కిటికీ అవతల కార్ల మీద మంచు గీకుతున్నారెవరో. ఆమె కాచుకుని కూర్చుంది. పెంకితనం ఈ ఇంటి మగవాళ్ళ ఆస్తి. మాట రాబట్టాలంటే దాన్ని మించి మౌనంగా ఉండాలని ఆమెకు తెలుసు. చాలాసేపటికి వాడి పెదవులు కదిలాయి.

“నాన్న ఏమైనా తింటున్నాడా?”

కిడ్నీలు ఆగిపోయిన కొడుకు అడిగిన మాట అది. వెర్నీటా తింటున్నాడని అబద్ధం చెప్పింది.

*

సాయంత్రం అయిదింటికి వంటింట్లో పొయ్యి మీద చిక్కుళ్ళు, పంది మాంసం ఉడుకుతున్నాయి. అత్తగారు ఎర్లీన్ గరిటె పట్టుకుని నిలబడింది. బల్ల మీద చర్చి ఆడవాళ్ళు తెచ్చిన మకరోనీ గిన్నెలు నాలుగు, మూతలు కూడా తియ్యకుండా ఉన్నాయి. రోలండ్ ఇనుప పోత కర్మాగారం చొక్కాతోనే బల్ల దగ్గర కూర్చున్నాడు. ఫ్రిజ్‌కి ఆనుకుని వార్డెల్.

“ఒరే, ఆనుకోవాలంటే గోడ ఉంది” అంది ఎర్లీన్ వార్డెల్‌తో. “నలభై అయిదేళ్ళొచ్చినా దూడలా ఏదో ఒకదానికి రాసుకోవడమే. ఆ తలుపు ఊడితే నీ జీతంలో కొనిస్తావా?”

వార్డెల్ నవ్వబోయి, గుమ్మంలో నిలబడ్డ వెర్నీటాను చూసి ఫ్రిజ్ వదిలి నిలబడ్డాడు.

ఆమె కోటు విప్పలేదు. భర్తను రక్తం ఇవ్వడానికి ఎందుకు వెళ్ళలేదని అడిగింది. షిఫ్టు అన్నాడాయన. నిన్న షిఫ్టు లేదుగా అంటే బల్ల మీద ఉప్పు డబ్బాను ఇటు నుంచి అటు జరిపాడు.

ఎర్లీన్‌కు పౌరుషం వచ్చింది. తన కడుపున పుట్టిన ఏడుగురిలో ఒక్కడికీ రక్తంలో తేడా లేదనీ, ఉంటే గింటే అది వెర్నీటా పుట్టింటి నుంచి దిగుమతి అయి ఉంటుందనీ, వాళ్ళమ్మ పెళ్ళిపందిట్లో కూడా మూలుగుతూనే కూర్చుందనీ ఏకరువు పెట్టింది.

“నా రక్తం చూశారత్తయ్యా. నాలో లేదు.”

గరిటె గిన్నెలో ఆగింది.

వెర్నీటా కాగితం తీసి బల్ల మీద, మకరోనీ గిన్నెల మధ్య పరిచింది. ట్రైనర్ పిల్ల చెప్పిందంతా వినిపించింది. పరీక్ష చేయించుకుని ఉంటే పేరు పక్కన నీలం చుక్క పడేదనీ, నీలం చుక్క ఉన్న ఇద్దరు పిల్లలు ఈ వారం కూడా పాఠాలకు వెళ్ళి వస్తున్నారనీ చెప్పింది. ఆ మాట చెప్పినప్పుడు రోలండ్ తల ఎత్తాడు. మళ్ళీ దించుకున్నాడు.

“ఆడనిస్తారా?” అన్నాడు. అడిగినట్టు లేదు, తనలో తాను అనుకున్నట్టుంది.

“ఆడనిస్తారు. నీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, మళ్ళీ ఆడనిస్తారు. ఈ సంతకం ఎవరు పెట్టారో వాడికి ఆ సంగతి తెలీదు. నాకా మనిషి కావాలి. రేపో ఎల్లుండో నా కొడుకు...” అక్కడ ఆగింది. ఆ వాక్యం పూర్తి చేసే ధైర్యం ఆమెకు లేదు. “వార్డెల్. కట్ట నువ్వు తీసుకెళ్ళావట.”

వార్డెల్ రోలండ్ వైపు చూశాడు. రోలండ్ చూడలేదు.

“నేనే పెట్టాను చెల్లెమ్మా” అన్నాడు వార్డెల్.



అప్పుడు వార్డెల్ నేల చూపులు చూస్తూ చెప్పుకొచ్చాడు. ఎనభై ఏడులో తనూ రోలండూ ఇదే కాలేజీకి, ఇదే హాల్లో ఆడేవాళ్ళు. ఇద్దరూ పొడుగువాళ్ళే. ఆ ఏడు మొదటి అయిదుగురిలో రోలండ్ పేరే ఉండాలి. ఆగస్టులో కాలేజీ డాక్టరు రక్తం తీశాడు. రోలండ్‌లో ఈ జాడ ఉందని కాగితం మీద ఒక్క వాక్యం రాశాడు. అప్పటి కోచ్ ఆ వాక్యం చదివి, రోలండ్‌ను బెంచీ చివర కూర్చోబెట్టాడు. వాడు ప్రాణం మీదకు తెస్తాడు, వద్దు అన్నాడు. రెండేళ్ళు. వాడి స్థానంలో వార్డెల్ ఆడాడు. ఆ నిమిషాలతోనే పేరు వచ్చింది, ఆ పేరుతోనే ఈ ఉద్యోగం వచ్చింది. తండ్రి నిమిషాలు తను తిన్నాడు, కొడుకు నిమిషాలైనా వాడికి దక్కాలని సంతకం పెట్టేశాడు.

వెర్నీటా వార్డెల్‌ను చూడ్డం లేదు. మొగుణ్ణి చూస్తోంది.

“నీకు తెలుసన్నమాట.”

రోలండ్ ఉప్పు డబ్బా వదిలాడు.

“ఇరవై రెండేళ్ళు నా పక్కన పడుకుని, నీ రక్తంలో ఏముందో నాకు చెప్పలేదు. పిల్లాడు పుట్టినప్పుడూ చెప్పలేదు.”

“చెప్పడానికి ఏముందే” అంది ఎర్లీన్. ఆ గొంతులో ఇప్పుడు పౌరుషం లేదు. “వాడేమీ జబ్బు మనిషి కాదు. ఆ ఊసెత్తితే బెంచీ గుర్తొస్తుందని మేమే ఎత్తేవాళ్ళం కాదు.”

“మీకూ తెలుసా?”

ముసలావిడ పొయ్యి ఆర్పేసి ముక్కాలి పీట మీద కూర్చుంది. గరిటె ఆవిడ ఒళ్ళోనే ఉంది, చిక్కుళ్ళ నీళ్ళు గౌనుకు అంటుతున్నా చూసుకోలేదు.

వెర్నీటా కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. వార్డెల్ దగ్గరకు వెళ్ళి, ఆ మనిషి గుండెల ఎత్తున దాన్ని పట్టుకుంది. ఇంకొకరైతే ఆ ఒప్పుకోలుతో తృప్తిపడి చెంప పగలగొట్టేవారు. ఆమెకు మాత్రం ఒక లెక్క కుదరలేదు.

“ఇక్కడ తేదీ చదువు.”

“చదివాను.”

“గట్టిగా.”

“ఆగస్టు పంతొమ్మిది.”

“ఆగస్టు పంతొమ్మిదిన నువ్వు మెంఫిస్‌లో మీ అమ్మను సమాధి చేస్తున్నావు. నేనే పొద్దున లేచి పంది తొడ మాంసం కాల్చి నీ కారులో పెట్టాను పద్దెనిమిదిన. ఇరవై మూడు దాకా నువ్వీ ఊళ్ళో లేవు.”

  ఆటలో పొడుగువాళ్ళకు వార్డెల్ నేర్పే మొదటి పాఠం, బంతి చేతిలో పడగానే ఆలోచించకుండా వదిలించుకోమని. ఇప్పుడు అతని చేతిలో వదిలించుకోవడానికి ఏమీ మిగల్లేదు.

“వచ్చాక కట్ట తీసుకెళ్ళి ఇచ్చాను” అన్నాడు చివరికి. “ఈ కాగితం చూశాను. పరీక్ష వద్దని ఉంది. ఎందుకు వద్దన్నారో ఈ ఊళ్ళో నాకొక్కడికే అర్థమవుతుంది. నోరు మూసుకున్నాను చెల్లెమ్మా. అది అబద్ధం కాదు. శనివారం నేను వేరే ఊళ్ళో ఎవరో కుర్రాడి ఆట చూస్తూ కూర్చున్నాను. ఇక్కడుంటే ఆపేవాణ్ణి. అదీ అబద్ధం కాదు.”

“ఇక చాలు వార్డెల్” అన్నాడు రోలండ్.

నాలుగు రోజుల తర్వాత ఆ ఇంట్లో ఆయన గొంతు పూర్తిగా వినిపించడం అదే మొదటిసారి. కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. లేచినవాడికి ఎటు వెళ్ళాలో తోచలేదు. మళ్ళీ కూర్చున్నాడు.

“నా నిమిషాలు నువ్వు తినలేదు. వాళ్ళిచ్చారు, నువ్వాడావు. ఇప్పుడు దీన్ని కూడా నువ్వు మొయ్యక్కర్లేదు.” భార్య వైపు తిరిగాడు. “సంతకం నాది వెర్నీ.”

ఆమె కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పి, కోటు కుర్చీ వీపుకు తగిలించి, ఎదురుగా కూర్చుంది. చెప్పు అన్నట్టు చూసింది.

“పిల్లాడు కట్ట ఇక్కడికే తెచ్చాడు. నువ్వు కూర్చున్న చోటే కూర్చున్నాడు. పద్నాలుగు కాగితాలు. పదమూడు వాడే పెట్టాడు. దీని దగ్గర ఆగి, ఇదేంటి నాన్నా అన్నాడు. చెప్పాను. నాకుంది, నీకూ ఉండొచ్చు, తెలీదు అన్నాను. అయితే పరీక్ష చేయించుకుంటే పోతుందిగా అన్నాడు. వాడికి అంత తేలిక. నాకు ఆ బెంచీ కనపడింది. రెండేళ్ళు ఒళ్ళు వేడెక్కించుకుని, బూట్లు బిగించుకుని, ప్రతి ఆటకీ కూర్చున్నాను, పేరు పిలుస్తారని. వాడు పెన్ను కింద పెట్టేశాడు. నేను తీసుకున్నాను. వాడు చూస్తుండగానే పెట్టాను. ఇప్పుడు ఆపరనీ, చుక్క పెట్టి నీళ్ళిస్తారనీ నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగాలంటే నాకుందని చెప్పాలిగా.”

ఎర్లీన్ పీట మీద ముందుకూ వెనక్కూ ఊగుతోంది. కొడుకును ఇక చాలించమని చేత్తో సైగ చేసింది. రోలండ్ చూసి కూడా ఆగలేదు.

“సంతకంతో అయిపోయుంటే శనివారమే నీ కాళ్ళ మీద పడి చెప్పేసేవాణ్ణి. అది కాదు నా నోరు కట్టేసింది. ఆరో పరుగయ్యాక డెంకర్ ఒక్క నిమిషం ఆపాడు. వాడు గ్యాలరీ కమ్మీ దగ్గరకు వచ్చాడు. నేను మెట్లు దిగి వెళ్ళాను. నాన్నా, తొడలు రాళ్ళైపోతున్నాయి, అదేనంటావా అన్నాడు. ఎప్పుడూ అలా లేదన్నాడు. వాడు భయపడ్డం నేను చిన్నప్పట్నుంచీ చూళ్ళేదు వెర్నీ. కోచ్‌కి చెప్పెయ్యనా అన్నాడు. నాకు తెలుసు. నీ కడుపున పుట్టిన నా కొడుకు అడుగుతున్నది దేని గురించో ఆ హాల్లో నాకొక్కడికే తెలుసు. వాడి వీపు మీద చెయ్యేశాను. సెగ కొడుతోంది. చెప్పకురా, ఇంకా నాలుగేగా అన్నాను. సరే నాన్నా అన్నాడు. వెళ్ళి గీత మీద నిలబడ్డాడు.”